జర్మన్ సారు కింది వడ్లు

లింబాద్రి వడ్ల మీద కప్పే తాడిపత్రి కొందామని కామారెడ్డి పోయి, ఒక తెల్లాయన మొహాన్ని చుట్టగా చుట్టి భుజాన పెట్టుకుని ఎల్లారెడ్డికి తిరిగొచ్చాడు.

ఇంట్లో ఉన్న తాడిపత్రిని ఎలుకలు జల్లెడ చేశాయి. కప్పడానికి పరదా లేకపోతే కొనుగోలు కేంద్రంలో పోసిన వడ్లను వానకు అప్పగించినట్టే. యాసంగి కోతలు అయిపోవచ్చాయి. పొద్దు వాలేసరికి పడమట మబ్బు కడుతోంది. ఆ భయం అందరిదీ కాబట్టి కామారెడ్డి దుకాణాల్లో తాడిపత్రులు ముందే ఖాళీ అయ్యాయి. ఉత్త చేతులతో తిరిగి పోలేక లింబాద్రి చౌరస్తాలో నిలబడ్డాడు. మున్సిపాలిటీ పనివాళ్లు నిచ్చెన వేసుకుని ఫ్లెక్సీలు దించుతున్నారు. అన్నిటికన్నా పెద్దదాన్ని కట్టెల నుంచి విడదీసి కింద పడేశారు. లింబాద్రి వంగి దాని అంచును రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. మందంగా ఉంది. ఎక్కడా చిరుగు లేదు.

"కావాల్నా పెద్దాయనా?" అన్నాడు నిచ్చెన మీది మనిషి.

లింబాద్రి తలూపాడు.

"తీస్కపో. అభిమానం ఎక్కువై మొహం మీద పాలు పోసిండ్రు. జెర కడుక్కో."

బస్సులో ఆ చుట్ట సీట్ల మధ్య పట్టలేదు. అడ్డంగా పెడితే ఒక కొస విప్పుకుని, పెద్ద పెద్ద పళ్లూ సగం గడ్డమూ బయటికి వచ్చాయి. "ఈ దొర ఎక్కడ దిగుతడు?" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది. లింబాద్రి కొసను మళ్లీ లోపలికి నెట్టి, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

కొనుగోలు కేంద్రం అంటే ఎల్లారెడ్డి బయట రోడ్డు పక్కన చదును చేసిన జాగా. వరుసగా కుప్పలు, ఎవరి కుప్ప దగ్గర వాళ్ల కాపలా. వడ్లు ఆరి, సీరియల్ నంబరు వచ్చి, కాంటా మీద తూకం అయ్యి, లారీ ఎక్కేదాకా రైతుకు అక్కడే మకాం. లింబాద్రికి అదేమీ కష్టం కాదు. ఇంట్లో అతని కోసం చూసే మనిషి లేదు. గంజి కాచుకునే గిన్నె ఒకటి, దుప్పటి ఒకటి తెచ్చుకుంటే ఇల్లు మొత్తం తెచ్చుకున్నట్టే.

ఫ్లెక్సీ కప్పేటప్పుడు అందరూ బొమ్మను లోపలికి, తెల్లవైపును పైకి వేస్తారు. లింబాద్రి అలా వేయలేదు. కడిగినా పాలవాసన పూర్తిగా పోలేదు. ఆ వైపు వడ్లకు తగిలితే చీమలు పడతాయి. అందుకని బొమ్మను పైకే వేసి, బొమ్మ మీదా అంచుల మీదా రాళ్లు పెట్టి పడుకున్నాడు.

పొద్దున్నే హమాలీ మైసన్న చాయ్ గ్లాసు పట్టుకుని వస్తూ ఆగిపోయాడు. కుప్పంత మొహం, ఉంగరాల జుట్టు, నోరంతా తెరిచిన నవ్వు, పైకెత్తిన పిడికిలి.

"ఏందే లింబన్నా, ఈనెవరు? కోత మిషన్ కంపెనీ సేటా?"

లింబాద్రి పెదవి విరిచాడు.

"అయ్యుంటడు. మన పైసలు తిన్నోడే గిట్ల నవ్వుతడు" అన్నాడు మైసన్నే.

పక్క కుప్ప గంగాబాయిది. తండా నుంచి వచ్చిన మనిషి, నోరు ఊరుకోదు. అయినా ఇన్నాళ్లూ లింబాద్రితో ఆమె మాటలు "అన్నా, జెర నా కుప్ప దిక్కు సూడు" దగ్గరే ఆగేవి. జవాబు రాని మనిషితో ఎవరైనా ఎంతని మాట్లాడతారు? ఆ రోజు మాత్రం నడుము మీద చేతులు పెట్టుకుని కుప్ప చుట్టూ ఒక తిరుగు తిరిగింది.

"కింద ఏదో రాసున్నదన్నా, సదువు."

లింబాద్రి అక్షరాలు కూడబలుక్కున్నాడు. "పుట్టినరోజు... శుభాకాంక్షలు... జర్మన్ సార్."

"జర్మనా? మా ఇంట్ల అన్నం వండే జర్మన్ గంజున్నది. గాళ్ల మనిషేనా ఈన?"

మైసన్న నోట్లో చాయ్ బయటికొచ్చింది. లింబాద్రికి కూడా నవ్వు వచ్చింది. ఎటు తిప్పుకోవాలో తెలియక మొహం ఫ్లెక్సీ వైపు తిప్పుకున్నాడు. ఫ్లెక్సీ కిందికి గాలి దూరి తెల్లాయన బుగ్గలు ఉబ్బుతున్నాయి.

ఎండ ముదిరాక ఫ్లెక్సీ తీసి, వడ్లను పలుచగా పరిచి, వాటి మధ్య కాళ్లు ఈడుస్తూ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. నడిచిన చోటల్లా సాలు పడి అడుగు వడ్లు పైకి వస్తాయి. మధ్యాహ్నం అడ్డంగా నడిచాడు. పొద్దు వాలాక చెక్కతో లాగి మళ్లీ కుప్ప చేసి కప్పాడు. మొహం మళ్లీ పైకి లేచింది. రోడ్డు మీద పోయే బండ్లు ఆగాయి. ఎవరో దిగి ఫొటో తీసుకున్నారు. "ఎవరిది తాతా ఈ కుప్ప?" అని అడిగారు. "నాదే" అన్నాడు. ఆ మాట బయటికి రావడానికి గొంతు సవరించుకోవాల్సి వచ్చింది.

మరునాడు సాయంత్రం కామారెడ్డి నుంచి బండ్ల మీద కుర్రవాళ్లు వచ్చారు. ముందు దిగినవాడు అరుణ్‌కుమార్. సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం అతనిది. ఫ్లెక్సీ అడుగున వరుసగా ఉన్న చిన్న ఫొటోల్లో మొదటిది, నల్లద్దాలు పెట్టుకున్నది, తనదే.

"తాతా, మా సారును తెచ్చి వడ్ల మీద పండవెట్టినవా?"

లింబాద్రి లేచి ఫ్లెక్సీ అంచు మీద చెయ్యి వేశాడు. వీళ్లు దీన్ని పట్టుకుపోతే రాత్రికి వాన వస్తే ఏం కప్పాలి?

అరుణ్‌కుమార్ అతని చేతిని చూశాడు. దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నాడు. "నువ్వు సుత సారు ఫ్యానా?"

కాదంటే పట్టుకుపోతారు. లింబాద్రి తలూపాడు.

అంతే, కుర్రవాళ్ల మొహాలు మారిపోయాయి. అరుణ్‌కుమార్ వడ్ల పక్కనే చతికిలబడ్డాడు. "ఆట మొదటికెల్లి సూస్తున్నవా తాతా? ఫోన్లనా, టీవీలనా?" లింబాద్రి రెండింటికీ తల ఊపాడు. ఇక అతను అడగక్కరలేకుండా పోయింది. అరుణ్‌కుమారే చెప్పుకుపోయాడు. ఆ సారు మొదట ఫుట్‌బాల్ ఆడేవాడట. పెద్ద ఆటగాడేం కాదు, ఎక్కువసార్లు బెంచీ మీదే కూర్చోబెట్టేవారట. కోచ్ అయ్యాక ఓడిపోయే జట్టును పట్టుకుని కప్పు గెలిపించాడట. అప్పటినుంచి దేశదేశాల్లో అతనంటే పడి చస్తారట.

"మరి ఆయన ఏం జేస్తడు?" అన్నాడు లింబాద్రి. తెలిసినవాడు అడిగే ప్రశ్న కాదది. అరుణ్‌కుమార్ గమనించలేదు.

"గీతకు ఇవతల నిలవడి ఒర్రుతడు. నవ్వుతడు. గెలిచినా ఓడినా పిల్లలందరినీ ఒక్కొక్కన్ని దగ్గరికి తీసుకుంటడు. గట్ల అలుముకునే కోచ్ ఇంకోడు లేడు తాతా."

"కామారెడ్డికి వచ్చిండా ఎప్పుడన్న?"

"కామారెడ్డి అనేది ఒకటున్నదనే ఆయనకు తెల్వది." ఆ మాట అంటుంటే అరుణ్‌కుమార్ గొంతులో చింత లేదు. "ఆయన మనకు తెలుసు గద. సాలదా?"

వాళ్లు వెళ్లాక లింబాద్రి అంచుల రాళ్లు సర్దుతూ ఆ మొహాన్ని తేరిపార చూశాడు. తాను ఎరగని వాళ్లంతా ఇతన్ని ఇంటిమనిషిలా తలచుకుంటున్నారు. ఇతనికి రాత్రిళ్లు పొలమారుతూ ఉండాలి.

ఆ ఫొటో ఫోన్లలో ఎంత దూరం పోయిందో కానీ, రోజూ పొద్దు వాలేసరికి మనుషులు రావడం మొదలైంది. లింగంపేట నుంచి వచ్చారు, నిజాంసాగర్ చూడబోయేవాళ్లు దారిలో ఆగారు. ఒకరు మిరపకాయ బజ్జీలు తెచ్చారు. ఒకరు "వడ్ల తాత అంటే నువ్వేనా?" అని చెయ్యి కలిపారు. లింబాద్రి మధ్యాహ్నమే కుప్ప చేయడం మొదలుపెట్టాడు. ఇంకాస్త ఆరనియ్యొచ్చు కదా అని గంగాబాయి అంటే వినపడనట్టు చెక్క లాగాడు. ఊళ్లోకి పోయి గడ్డం గీయించుకుని వచ్చాడు.

"పెండ్లికొడుకైనవ్ లింబన్నా" అన్నాడు మైసన్న.

"పిల్ల ఎవరు?" అంది గంగాబాయి. "ఆ జర్మనాయనకు చెల్లెలున్నదా?"

శుక్రవారం పొద్దున కేంద్రం నడిపే సుష్మిత వచ్చింది. మహిళా సంఘం తరఫున కాంటా చూసుకునే పిల్ల, ఎప్పుడూ ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో తేమ చూసే మిషన్. లింబాద్రి కుప్పలోంచి పిడికెడు తీసి మిషన్‌లో పోసింది.

"మంచిగ ఆరినయ్ బాపూ. నీదే సీరియల్. మైసన్నోళ్లు బార్దాన్ సంచులు తెస్తున్నరు, కుప్ప ఇప్పు."

లింబాద్రి కదల్లేదు. కాంటా అయితే వడ్లు సంచుల్లోకి పోతాయి. సంచులు లారీ ఎక్కుతాయి. ఆ మొహం నిలబడటానికి కుప్ప ఉండదు. ఆదివారం అందరం వస్తున్నాం, వీడియో తీద్దాం అని అరుణ్‌కుమార్ చెప్పిపోయాడు.

"ఇంక ఆరలే" అన్నాడు.

"మిషన్ల సూపెట్టింది గద బాపూ."

లింబాద్రి ఒక గింజ తీసి పంటి కింద పెట్టి కొరికాడు. పటుక్కుమంది. ఆ చప్పుడు పక్కనున్న గంగాబాయికి కూడా వినబడింది. అతను గింజను ఉమ్మేసి, "పచ్చిగున్నయ్. గంగాబాయివి కాంటా వెట్టుండ్రి ముందు" అన్నాడు.

సుష్మిత ఆశ్చర్యపోయింది. సీరియల్ కోసం తన్నుకునేవాళ్లనే చూసింది కానీ వదిలేసేవాళ్లను చూడలేదు. "మల్ల లారీ ఎప్పుడొస్తదో నాకు తెల్వది. తర్వాత నన్ను అనొద్దు" అంది.

గంగాబాయి నోరు తెరిచి లింబాద్రి వైపు చూసింది. ఏదో అనబోయింది. మబ్బు వైపు ఒకసారి చూసి, కొంగు నడుముకు దోపుకుని, తన కుప్ప మీది పరదా లాగేసింది. సాయంత్రానికల్లా ఆమె వడ్లు లారీ ఎక్కాయి. పోతూ పోతూ "పోతున్న అన్నా" అంది. ఆమె కుప్ప ఉన్నచోట నేల ఊడ్చినట్టు ఖాళీగా మిగిలింది.

ఆదివారం నిజంగానే అంతా వచ్చారు. ఎర్రరంగు ఆట అంగీలు తొడుక్కుని, పొడుగాటి జెండా పట్టుకుని వచ్చారు. అరుణ్‌కుమార్ లింబాద్రికి కూడా ఒక అంగీ తొడిగాడు. చొక్కా మీదే తొడగడంతో చంకల్లో బిగిసింది.

"తాతా, మొహం మీద ఈ రాళ్లేంది? సారు కన్ను మీద పెట్టినవ్. తీసెయ్."

లింబాద్రి మొహం మీది రాళ్లన్నీ ఎత్తి అంచులకు చేర్చాడు. ఫ్లెక్సీ నున్నగా పరుచుకుంది. కుర్రవాళ్లు రెండు పక్కలా నిలబడ్డారు, లింబాద్రిని మధ్యలో నిలబెట్టారు. ఫోన్ పట్టుకున్నవాడు చెయ్యి ఊపాడు.

"తాతా, జెర పక్కకు. సారు మొహం కప్పుతున్నవ్."

లింబాద్రి ఒక అడుగు పక్కకు వేశాడు.

"ఇంక జెర."

ఇంకో అడుగు వేశాడు.

"ఇంక... ఆఁ, ఇంక జెర. చాలు."

ఫొటోలయ్యాక ఫోన్ చుట్టూ మూగి చూసుకున్నారు. లింబాద్రి కూడా వెనకనుంచి మెడ చాచి చూశాడు. జెండా ఉంది, మొహం ఉంది, కుర్రవాళ్లంతా ఉన్నారు. ఒక పక్కన ఎర్రటి చెయ్యి మోచేతి దాకా కనిపిస్తోంది. అది తనదే.

"తాతా, అంగీ మహేందర్‌ది. జెర ఇప్పియ్యి" అన్నాడు అరుణ్‌కుమార్. బిగిసిన అంగీని అతనే మెల్లిగా తల మీదుగా లాగి తీశాడు. మనిషి మంచివాడే. "మల్ల వస్తం" అని బండి స్టార్ట్ చేశాడు.

లింబాద్రి రాళ్లను అంచుల దగ్గరే ఉంచాడు. మళ్లీ వస్తామన్నారు కదా.

సోమవారం ఎవరూ రాలేదు. మంగళవారం సాయంత్రం కుప్ప ముందు చెత్త ఊడ్చి, నీళ్లు చల్లి, రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. బండ్లు పోతున్నాయి కానీ ఆగడం లేదు. చివరికి అరుణ్‌కుమార్ ఒక్కడే వచ్చాడు. ఎల్లారెడ్డిలో ఏదో పనిమీద వచ్చి పోతున్నాడు. బండి దిగలేదు.

"తాతా, దాన్ని తిప్పి వెయ్. బొమ్మ కనవడనియ్యకు."

"ఏమైంది?"

"సారు మన టీమును ఇడిచిపెట్టిండు. మన మీద ఆడేటోళ్లకు కోచ్‌గ పోయిండు."

సంచుల మీద పడుకున్న మైసన్న తల ఎత్తాడు. "పార్టీ మారిండను. గంత దూరం పోయినా గదే కతనా?"

అరుణ్‌కుమార్ నవ్వలేదు. రాత్రి నిద్రపోనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. "దాని కింద మా ఫొటోలున్నయ్ తాతా. ఎవలన్న సూస్తే ఇజ్జత్ పోతది. నీకు సుత బాధనే ఉంటది, నాకు తెల్సు" అన్నాడు. బండి తిప్పుకుని కామారెడ్డి వైపు పోయాడు.

లింబాద్రి ఫ్లెక్సీని తిప్పలేదు. బుధవారం సుష్మితను అడిగితే లారీలు లేవంది, బార్దాన్ అయిపోయిందంది. "ఆ దినమే ఇచ్చుంటే అయిపోతుండె బాపూ" అంది. అతను తలూపాడు.

గురువారం సాయంత్రం గాలి లేచింది. ముందు దుమ్ము, తర్వాత వడగళ్లు. అంచుల రాళ్లకు ఆ గాలిని ఆపే శక్తి లేకపోయింది. నడిమధ్య బరువు లేని ఫ్లెక్సీ పొట్ట ఉబ్బి, ఒక పక్క రాళ్లను దొర్లించి, పైకి లేచింది. లింబాద్రి దాని మీద బోర్లా పడ్డాడు. ఒక మూల పట్టుకుంటే ఇంకో మూల లేస్తోంది. తండ్లాడి తండ్లాడి దాన్ని నేలకు దించేసరికి వాన కుప్పను దున్నేసింది. అడుగున నీళ్లు పారుతున్నాయి. వడ్లు అతని కాళ్ల మీదుగా మోరీ కాలువ వైపు పోతున్నాయి. మిగిలిన కుప్ప మీద చేతులు చాచి పడుకుని, వాన వెలిసేదాకా అట్లాగే ఉన్నాడు.

పొద్దున లేచి తడివడ్లు ఎండకు పరిచాడు. మధ్యాహ్నానికి ఆవిరి వాసన వేసింది. శనివారం పిడికెడు తీసి చూస్తే కొన్ని గింజలకు తెల్లటి మొలక ముల్లులా పొడుచుకొచ్చింది. అతను ఒంగి వాటిని ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాడు. అది ఏరితే అయిపోయే పని కాదు. అయినా ఏరుతున్నాడు.

"ఏరుడేంది? తిరగేయాలె."

తలెత్తితే గంగాబాయి. తండా నుంచి బస్సు దిగి వచ్చింది. చేతిలో కట్టెపార ఉంది. అతని జవాబు కోసం ఆగకుండా ఆ కొసకు పోయి తడివడ్లు తిరగేయడం మొదలుపెట్టింది. ఆమె పొద్దంతా మాట్లాడకుండా ఉండటం లింబాద్రి ఎన్నడూ చూడలేదు.

నీడకు కూర్చుని రొట్టె ఇప్పుతూ ఆమె అంది, "తండాల అందరికీ జెప్పిన. లింబన్న దేవునసొంటోడు, నా వడ్లు తడుస్తయని సీరియల్ ఇడిచిండు అని."

"గట్ల కాదు గంగాబాయీ..."

"నాకు తెల్సు." ఆమె రొట్టెను రెండుగా తుంచి సగం అతని చేతిలో పెట్టింది. "నువ్వు గింజ కొరికితే పటుక్కుమన్నది. నా చెవులు పోలే. ఆ పోరగాళ్ల కోసమే ఆపినవని అప్పుడే ఎరుక. 'అన్నా, పిచ్చి లేసిందా, ముందు నీయి కాంటా వెట్టు' అని ఒక్క మాటంటే అయిపోతుండె. మబ్బు దిక్కు సూసి నోరు మూసుకున్న. ఇంటికి వోయి దేవుడన్న."

లింబాద్రి రొట్టె అంచు తుంచాడు. "మంది వస్తుండె" అన్నాడు.

"వస్తుండె" అంది గంగాబాయి. ఎగతాళి చేయలేదు.

పొద్దు వాలింది. ఎండిన వడ్లు ఒక పక్క, మొలకెత్తినవి ఒక పక్క కుప్పలు చేశారు. ఫ్లెక్సీకి పట్టిన బురద కడిగి రెండు మూలలు ఆమె, రెండు మూలలు అతను పట్టుకుని దులిపారు. తెల్లాయన మొహం ఇద్దరి మధ్యా ఒకసారి ఎగిరి చదునైంది. ఆమె తెల్లవైపు పైకి వచ్చేలా తిప్పింది. అతను అడ్డు చెప్పలేదు. నడుమ పెద్ద రాయి పెట్టి కప్పారు.

బస్సు వచ్చే వేళైంది. గంగాబాయి కట్టెపార దులుపుకుని భుజాన వేసుకుంది.

"రేపొస్తవా?" అన్నాడు లింబాద్రి.

ఆమె తిరిగి చూసింది. ఆ మనిషి తనంతట తాను ఆమెను అడిగిన మొదటి మాట అది.

"ఇవి ఎండేదాక వస్త. తర్వాత నాకు ఉపాధి పనున్నది."

బస్సు పోయింది. తెల్లారి లింబాద్రి లేచేసరికి ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. ఎండ పొద్దున్నే చురుక్కుమంటోంది. వడ్లు జల్దీ ఎండుతాయి. అతను అరచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, తండా నుంచి బస్సు వచ్చే దారివైపు చూశాడు. తర్వాత పైకి, సూర్యుడి వైపు చూశాడు. పరదా తీయడానికి రాయి మీద చెయ్యి వేసి, కొంచెంసేపు తీయకుండా అట్లాగే కూర్చున్నాడు.